మళ్ళీ కలిసిన నవ్వులు: కెరొల్ బర్నెట్ బృందం గురించి

(చెన్నై, టి. నగర్‌లో తెలుగు మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ఈ నెల నన్ను మాట్లాడమన్నప్పుడు, మన నాటకాల గురించో, ఈ మద్రాసులోనే ఉండి తెలుగువాళ్ళందరినీ నవ్వించిన రేలంగి, రమణారెడ్డి, సూర్యకాంతం గార్ల గురించో చెబుతానని మీలో చాలామంది అనుకొని ఉంటారు. వాళ్ళను తలచుకోకుండా నేను హాస్యం గురించి మాట్లాడలేను కనుక ఆ ప్రస్తావన దారిలో వస్తుంది. కాని ఈ రోజు విషయం వేరు. అమెరికా టెలివిజన్‌లో పదకొండు సీజన్లు నడిచి 1978లో ముగిసిన ‘ది కెరొల్ బర్నెట్ షో’ అనే వెరైటీ కార్యక్రమం ఒకటి ఉంది. అందులో నటించినవారు ఏళ్ళు గడిచిన తరువాత మళ్ళీ ఒక చోట చేరి, తమ పాత దృశ్యాలను తామే చూసుకొని, వాటి వెనక జరిగిన సంగతులు చెప్పుకొన్న సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టాలను మీతో పంచుకోవాలని వచ్చాను.

మీలో చాలామంది ఈ షో చూసి ఉండరు. ఎలా చూస్తారు? అది అక్కడ మొదలైన 1967లో మన మద్రాసులో టెలివిజనే లేదు. ఇక్కడ దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1975లో. వచ్చాక కూడా చాలా ఏళ్ళు, శుక్రవారం సాయంత్రం ‘ఒళియుమ్ ఒలియుమ్’ పాటల కోసం వీధిలోవాళ్ళందరూ టీవీ ఉన్న ఒక్క ఇంటికి చేరే రోజులే గదా అవి. కాబట్టి ముందు ఆ షో ఏమిటో నాలుగు మాటలు చెప్పి, అసలు సంగతికి వస్తాను.

వారానికి ఒక గంట కార్యక్రమం. పాటలు ఉంటాయి, నృత్యాలు ఉంటాయి, ప్రతి వారం ఎవరో ఒక అతిథి వస్తారు, వీటన్నిటి మధ్యా చిన్న చిన్న హాస్య నాటికలు ఉంటాయి. సీబీఎస్ సంస్థ దీన్ని 1967 సెప్టెంబరు 11 నుంచి 1978 మార్చి 29 వరకు ప్రసారం చేసింది. లాస్ ఏంజెలిస్‌లోని టెలివిజన్ సిటీలో, 33వ నంబరు స్టూడియోలో, ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టుకొని రికార్డు చేసేవారు. నడిపినది కెరొల్ బర్నెట్. ఆమెతో పాటు హార్వీ కోర్మన్, విక్కీ లారెన్స్, లైల్ వ్యాగనర్ మొదటి నుంచీ ఉన్నారు. టిమ్ కాన్వే తరచుగా అతిథిగా వస్తూ వస్తూ 1975లో బృందంలో సభ్యుడైపోయారు. అక్కడ టెలివిజన్ కార్యక్రమాలకిచ్చే ఎమ్మీ పురస్కారాలు ఇరవై అయిదు వచ్చాయి.

ఈ షో పుట్టుక కూడా తెలుసుకోదగ్గదే. బర్నెట్ గారు సీబీఎస్‌తో చేసుకొన్న పదేళ్ళ ఒప్పందంలో ఒక షరతు ఉండేది. మొదటి అయిదేళ్ళలోపు ఆమె ఎప్పుడు అడిగినా గంట నిడివి గల వెరైటీ కార్యక్రమాలు ముప్పై ఇచ్చి తీరాలి. అయిదో ఏడు ముగియడానికి కొద్ది రోజుల ముందు, ఆమె, ఆమె భర్త జో హామిల్టన్ కలిసి ఫోను చేసి ఆ షరతు గుర్తు చేశారు. వెరైటీ షో అనేది మగవాళ్ళు చేసే పని, మీరు ఏదైనా చక్కటి కుటుంబ హాస్య ధారావాహిక చేసుకోండి అని అవతలి అధికారి నచ్చజెప్పబోయారట. ఆమె వినలేదు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు ఇమ్మన్నారు. ముప్పై అనుకొన్నవి రెండువందల డెబ్బైకి పైగా అయ్యాయి. ఇక్కడున్న ఆడపిల్లలు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలని నా కోరిక.

సరే, ఇక మళ్ళీ కలిసిన సందర్భాలు. 1993లో ఒకసారి, 2001లో ఒకసారి, 2004లో ఒకసారి, చివరగా 2017లో యాభయ్యో వార్షికోత్సవానికి ఒకసారి ప్రత్యేక కార్యక్రమాలు వచ్చాయి. వీటన్నిటిలోకీ నాకు 2001 నాటిది ప్రాణం. ఆ ఏడాది నవంబరు 26న అది ప్రసారమయింది. న్యూయార్క్ జంట భవనాలు కూలిపోయి అప్పటికి నిండా మూడు నెలలు కాలేదు. ఆ దేశమంతా దుఃఖంలో ఉంది. అటువంటి సమయంలో పాతికేళ్ళ కిందటి హాస్య దృశ్యాలను, అందులోనూ నటులు నవ్వు ఆపుకోలేక తప్పిపోయిన ముక్కలను ఏరి చూపిస్తే ఎవరు కూర్చొని చూస్తారు? దగ్గర దగ్గర మూడు కోట్ల మంది చూశారు. మూడు కోట్ల మంది! కొత్తగా రాసిన నాటిక ఒక్కటి లేదు, కొత్త తారలు లేరు. బర్నెట్, కోర్మన్, కాన్వే, విక్కీ లారెన్స్, నలుగురే నలుగురు, వయసు మీద పడినవారు, పాత కబుర్లు చెప్పుకొన్నారు, అంతే.

అందులో అంతమందిని కట్టిపడేసింది ఏమిటి అని నేను చాలాసార్లు ఆలోచించాను. పాత దృశ్యాలైతే విడిగా కూడా దొరుకుతాయి. నన్ను పట్టి కూర్చోబెట్టినవి, ఆ దృశ్యాలను తలచుకొంటున్నప్పుడు ఆ నలుగురి ముఖాలు. నాటికలో ఏం జరగబోతుందో వాళ్ళకు అక్షరం అక్షరం తెలుసు, వాళ్ళు చేసిందే గదా! తెలిసి కూడా, పక్కవాడు ఏం చేయబోతున్నాడో అని ఈ రోజు మొదటిసారి చూస్తున్నట్టు మురిసిపోతారు. తాము చేసినదాన్ని చూసి కాదు సుమండీ, పక్కవాళ్ళు చేసినదాన్ని చూసి. నటుల సంగతి తెలిసినవారికి ఇది ఎంత అరుదో తెలుస్తుంది. ఒకరి పనిని ఇంకొకరు అంతగా ప్రేమించిన బృందం అది. ఈ రోజు నేను చెప్పే ఘట్టాలన్నీ ఆ ఒక్క మాటకు సాక్ష్యాలే.

దంత వైద్యుడు

అన్నిటికంటే ముందు చెప్పవలసినది 1969లో వచ్చిన దంత వైద్యుడి నాటిక. వెనక కూర్చున్నవారికి వినిపిస్తోంది గదా? ఇది కొంచెం వివరంగా చెబుతాను.

కథ చాలా చిన్నది. పన్ను నొప్పితో ఒకాయన దవాఖానాకు వస్తాడు, ఆ పాత్ర కోర్మన్ గారిది. అక్కడున్న వైద్యుడు ఇప్పుడిప్పుడే చదువు ముగించుకొని వచ్చినవాడు, ఇంతవరకు ఎవరి పన్నూ పీకలేదు, ఆ పాత్ర కాన్వే గారిది. రోగి నోరు తెరుచుకొని కుర్చీలో పడుకొన్నాడు. వైద్యుడు తిమ్మిరి మందు సూదిలోకి ఎక్కించి, పొరపాటున తన చేతికే గుచ్చుకొంటాడు. కొద్దిసేపటికి ఆ చెయ్యి తనది కాకుండా పోతుంది. ఎత్తితే పడిపోతుంది, ఊపితే వేలాడుతుంది. ఆ చేత్తోనే పరికరాలు పట్టుకోబోతాడు. తరువాత అదే సూది కాలికి గుచ్చుకొంటుంది, ఆ కాలు ఈడ్చుకొంటూ కుర్చీ చుట్టూ తిరుగుతాడు. చివరికి నుదుటికి కూడా తగులుతుంది.

ఇదంతా కాన్వే గారు ముఖంలో ఒక్క నవ్వు రేఖ లేకుండా, ఎంతో శ్రద్ధగా, పాపం రోగికి మేలు చేయాలనే ఆరాటంతో చేస్తారు. ఆ ఆరాటమే మనల్ని చంపుతుంది. ఆ సూది గుచ్చుకోవడమంతా ఎంతవరకు సాగుతుందో కోర్మన్ గారికి ముందు తెలియదు. రిహార్సల్‌లో కాన్వే ఆ ముక్కలు చేసి చూపించలేదు. కోర్మన్ పాత్ర చేయవలసింది ఏమిటి? నొప్పితో మూలగాలి, భయపడాలి. ఆయన శాయశక్తులా ప్రయత్నించారు. ముఖం అటు తిప్పారు, చెయ్యి అడ్డం పెట్టుకొన్నారు, పెదవులు బిగబట్టారు, చివరికి భుజాలు కదలడం మొదలైంది. ఇక అంతే, కుర్చీలో ఆ మనిషి వణికిపోతున్నారు. ఆ రోజు కోర్మన్ నవ్వు ఆపుకోలేక బట్టలు తడుపుకొన్నారని కాన్వే గారు ఆ తరువాత జీవితాంతం, కనబడిన ప్రతి సభలోనూ చెప్పుకొంటూ వచ్చారు. కోర్మన్ పక్కనే కూర్చొని ఆ మాట మళ్ళీ మళ్ళీ వినేవారు, వింటూ మళ్ళీ నవ్వేవారు.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి, ఇది తెలియకపోతే వీళ్ళేదో క్రమశిక్షణ లేనివారని మీరు అనుకొనే ప్రమాదం ఉంది. ప్రతి శుక్రవారం ఈ కార్యక్రమాన్ని రెండుసార్లు రికార్డు చేసేవారు. మధ్యాహ్నం పూట డ్రెస్ రిహార్సల్, సాయంత్రం అసలు ప్రదర్శన, రెండింటికీ ప్రేక్షకులు వేర్వేరు. మధ్యాహ్నం ఆటలో కాన్వే గారు రాసినది రాసినట్టు, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చేసేవారు. అది అయిపోగానే దర్శకుడు డేవ్ పవర్స్ దగ్గరికి వెళ్ళి, మీకు కావలసిన షాట్లన్నీ వచ్చాయా అని అడిగేవారు. వచ్చాయి అన్న మాట వినబడిందో, ఇక సాయంత్రం ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. చూశారా ఆ మర్యాద? పని పాడవకుండా ముందు ఒక ప్రతి భద్రం చేసి ఇచ్చి, ఆ తరువాతే ఆడుకొన్నారు. మనకు అల్లరి మాత్రమే కనబడుతుంది గాని, దాని కింద అంత గట్టి పునాది ఉంది.

మన బుర్రకథ తెలిసినవారికి ఇందులో కొత్తేమీ అనిపించదు. కథకుడు వీరావేశంతో అల్లూరి సీతారామరాజు కథో పల్నాటి కథో చెబుతూ ఉంటే, పక్కనున్న హాస్య వంతగాడు సందు చూసుకొని ఏదో ఒక మాట విసురుతాడు. జనం గొల్లుమంటారు. కథకుడు మాత్రం నవ్వకూడదు, కథ తెగకూడదు. అయినా ఒక్కొక్క రోజు ఆ మాట సూటిగా తగిలి కథకుడికే నవ్వు ముంచుకొస్తుంది. అప్పుడు ఆ పందిట్లో ఏమవుతుంది? జనం వంతగాణ్ణి వదిలేసి కథకుణ్ణి చూసి నవ్వుతారు. కోర్మన్ గారి స్థానం ఆ కథకుడి స్థానం. ఆయన గొప్ప నటుడు, ఈ షోలో పనికే నాలుగు ఎమ్మీలు పొందినవారు. పట్టు తప్పకూడదని అంతగా ప్రయత్నించే మనిషి కాబట్టే, పట్టు తప్పినప్పుడు మనకు అంత ఆనందం. కావాలని నవ్వే నటుణ్ణి ప్రేక్షకుడు క్షమించడు. ఆపుకోవడానికి ప్రాణం పెట్టి ఓడిపోయినవాణ్ణి మాత్రం గుండెకు హత్తుకొంటాడు. నా అభిప్రాయంలో ఈ తేడా తెలియకుండా ఇప్పుడు మన టీవీ హాస్య కార్యక్రమాలలో జడ్జీలు, యాంకర్లు, పక్కనున్న నటులు అందరూ మాట మాటకీ విరగబడి నవ్వుతున్నారు. అక్కడ ఆపుకొనే ప్రయత్నమే లేదు, ఇక ఓడిపోవడం ఎక్కడ?

అవును, కోర్మన్ గారు ఈ షోలోకి ఎలా వచ్చారో చెప్పడం మరచిపోకూడదు. ఆయన అంతకు ముందు డానీ కే షోలో చేసేవారు, ఆ షో 1967లో ఆగిపోయింది. మాకు హార్వీ కోర్మన్ లాంటివాడు కావాలి అని వెతుకుతూ, ఆయననే అడిగితే పోలేదా అని వాళ్ళకు చాలాసేపటికి గాని తోచలేదట. సీబీఎస్ కార్లు నిలిపే చోట ఆయన కనబడేసరికి బర్నెట్ గారు ఒక్క ఉరుకున వెళ్ళి పట్టుకొని మా షోకి రమ్మని బతిమాలారు. ఈ కథ ఆమె ఎన్నిసార్లు చెప్పినా అంతే ఉత్సాహంగా చెబుతారు.

ఏనుగుల కథ

రెండో ఘట్టం 1977 నాటిది. అప్పటికి కోర్మన్ షో వదిలి వెళ్ళారు, ఆ స్థానంలో డిక్ వాన్ డైక్ వచ్చారు. ‘ది ఫ్యామిలీ’ అని వాళ్ళకొక నాటికల వరస ఉండేది. నోరు పెట్టుకొని బతికే ముసలి తల్లి, ఆ తల్లితో నిత్యం తగవులాడే యూనీస్ అనే కూతురు. తల్లిగా విక్కీ లారెన్స్, కూతురుగా బర్నెట్. ఆ రోజు అందరూ ఇంట్లో కూర్చొని ఒక మాటల ఆట ఆడుతున్నారు. ఆటలో భాగంగా ఏనుగు ప్రస్తావన వస్తుంది. కాన్వే గారి పాత్రకు అక్కడ ఉన్నది చిన్న మాటే. ఆయన ఆ మాట చెప్పి ఊరుకోలేదు. సర్కస్‌లో తాను చూసిన ఒక వింత గురించి మొదలుపెట్టారు. తొండాల దగ్గర అంటుకొని పుట్టిన రెండు ఏనుగులట. అవి ఎలా బతికాయి, తుమ్ము వస్తే ఏం చేశాయి, ఇలా ఒక్కొక్కటీ నింపాదిగా, అదేదో నిజంగా జరిగినట్టు, కొంచెం బాధపడుతూ చెప్పుకొంటూ పోయారు.

బర్నెట్ గారు ముఖం పక్కకు తిప్పుకొన్నారు. వాన్ డైక్ గారి పరిస్థితీ అంతే. కాన్వే ఒక చోట ఆగుతారు, హమ్మయ్య అయిపోయింది అనుకొంటారు అందరూ, మళ్ళీ ఇంకొక వివరం. మళ్ళీ ఆగుతారు, మళ్ళీ ఇంకొకటి. విక్కీ లారెన్స్ ఒక్కరే ఆ ముసలి తల్లి మొహంతో, మూతి ముడుచుకొని, అలాగే కూర్చున్నారు. చివరికి యూనీస్ పాత్రలోనే బర్నెట్ గారు, ఇక నువ్వు కానివ్వమ్మా, అని తల్లికి అందించారు. అప్పుడు విక్కీ లారెన్స్ పాత్ర గొంతు చెదరకుండా ఒకే ఒక్క వాక్యం అన్నారు. ఆ కుర్ర వెధవ వాగుడు అయిపోయినట్టేనా అని దాని భావం. అసలు వాడిన మాట ఇంకా ఘాటైనది, ఈ సభలో చెప్పదగినది కాదు, ఆ రోజు ప్రసారంలోనూ అది రాలేదు. అంతే, సోఫాల మీద ఉన్నవాళ్ళు ఉన్నట్టు కూలిపోయారు. అందరినీ కూల్చే కాన్వే గారు కూడా కూలిపోయారు.

నాకు ఈ ఘట్టం ఎందుకు అంత ఇష్టమో చెబుతాను. విక్కీ లారెన్స్ ఈ షోలోకి వచ్చేటప్పటికి పద్దెనిమిదేళ్ళ అమ్మాయి. మీరు కెరొల్ బర్నెట్ లాగా ఉన్నారని ఎవరో పత్రికలో రాస్తే, ఆ కత్తిరింపు జత చేసి బర్నెట్ గారికి ఉత్తరం రాసిన హైస్కూలు పిల్ల. ఫలానా రోజు మా ఊళ్ళో అగ్నిమాపక దళం వారి ‘మిస్ ఫైర్‌బాల్’ పోటీలో పాల్గొంటున్నాను అని కూడా అందులో రాసింది. ఇలాంటి ఉత్తరాలు ఒక తారకు ఎన్ని వస్తాయి? బర్నెట్ గారు ఆ ఉత్తరం చదివి, ఫోను చేసి, అప్పుడు నిండు గర్భిణిగా ఉండి కూడా ఆ పోటీకి వెళ్ళి కూర్చున్నారు. అనుభవం ఏమీ లేని ఆ పిల్లను తీసుకువచ్చి, షోలో తన చెల్లెలి పాత్ర ఇచ్చారు. కోర్మన్ గారు దగ్గరుండి సంభాషణ పలకడం, చేతిలో వస్తువు పట్టుకోవడం దగ్గర నుంచి నేర్పారని విక్కీ లారెన్స్ ఎప్పుడూ చెబుతారు. ఆ పిల్ల పదేళ్ళ తరువాత, ఆ బృందంలో ఎవరికీ చేతకాని పని చేసింది. కాన్వే గారిని ఆయన ఆటలోనే ఓడించింది. ఆ క్షణంలో బర్నెట్ గారి ముఖం చూడండి. నవ్వు ఒక్కటే కాదు, నాకు అందులో ఒక గర్వం కనబడుతుంది. పిల్ల ఎదిగింది అన్న గర్వం.

ఆ ముసలి తల్లి పాత్ర గురించి ఇంకొక సంగతి. రచయితలు ఆ పాత్రను రాసింది బర్నెట్ గారి కోసమే. షో ఆమెది, పేరు ఆమెది, మంచి పాత్ర ఆమెకే గదా రాస్తారు. ఆమె చదివి, నాకు యూనీస్ నచ్చింది, తల్లి వేషం విక్కీ వేస్తుంది అన్నారు. పైగా ఇద్దరూ దక్షిణాది యాసలో మాట్లాడదామన్నారు, ఎందుకంటే ఆమె పుట్టింది టెక్సస్‌లో, ఆమెకు ఆ మనుషులు తెలుసు. రచయితలు బాగా నొచ్చుకున్నారట. 1974లో మొదటిసారి ఆ వేషం వేసేనాటికి విక్కీ లారెన్స్‌కు ఇరవై అయిదేళ్ళు కూడా నిండలేదు. కూతురుగా వేస్తున్న బర్నెట్ గారికంటే ఆమె పదహారేళ్ళు చిన్న! మనకు ఇది వింతా? మన సూర్యకాంతమ్మ గారు ముప్పై ఏళ్ళు రాకముందే, 1950 నాటి ‘సంసారం’ నుంచే, గయ్యాళి అత్తగారై కూర్చోలేదూ? ముసలితనం జుట్టుకు పూసిన తెలుపులో ఉండదు, మాట విరుపులో ఉంటుంది అని ఆ ఇద్దరినీ చూస్తే అర్థమవుతుంది. చివరికి ఆ పాత్ర పేరు మీదే 1983 నుంచి విక్కీ లారెన్స్‌కు సొంతంగా ‘మామాస్ ఫ్యామిలీ’ అనే షో వచ్చింది.

బర్నెట్ గారు చెప్పిన ఒక సంగతి నన్ను చాలా రోజులు వెంటాడింది. ఒకసారి రిహార్సల్‌లో, ఈ కుటుంబ నాటికను యాస లేకుండా, హాస్యపు విరుపులు లేకుండా, మామూలు నాటకంలాగా చదివి చూద్దామనుకొన్నారట. చదివితే అది భరించలేనంత విషాదంగా ఉందట. తల్లి కూతుర్ని ఒక్కనాడూ మెచ్చుకోదు, కూతురు ఆ మెచ్చుకోలు కోసమే బతుకుతుంది. మనం ఇన్నాళ్ళూ నవ్వింది దీనికా అనిపిస్తుంది. మన పల్లెటూళ్ళ అత్తాకోడళ్ళ హాస్యాలు కూడా, కొంచెం గీరి చూస్తే లోపల ఏముంటుందో ఇక్కడున్న ఆడవాళ్ళకు నేను చెప్పాలా?

ఇక దుస్తుల సంగతి. దీని గురించి త్వరగా చెప్పి ముగిస్తాను, అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. బాబ్ మ్యాకీ అనే రూపకర్త మొదటి నుంచి చివరి వరకు ఈ షోకు దుస్తులు చేశారు. 1976 నవంబరు 13న వచ్చిన ఒక నాటికలో, ‘గాన్ విత్ ద విండ్’ సినిమాను అనుకరించారు. సినిమాలో నాయిక పేదరికంలో పడినప్పుడు, కిటికీకి వేలాడుతున్న ఆకుపచ్చ మఖమల్ తెరలు కోసి గౌను కుట్టించుకొంటుంది. నాటికలో రాసినదాని ప్రకారం, బర్నెట్ గారు తెరలు ఒంటికి చుట్టుకొని మెట్లు దిగాలి. అది మామూలు హాస్యం. కొలతలు చూసుకోవడానికి వెళ్ళినప్పుడు మ్యాకీ గారు ఆమెకు చూపించింది వేరు. తెరలతో పాటు, ఆ తెరలు వేలాడే ఇత్తడి కడ్డీని కూడా తీయకుండా, భుజాల మీదుగా అటూ ఇటూ పొడుచుకొని వచ్చేలా గౌనులో అమర్చారు! ఆమె ఆ కడ్డీతో, రాణిలాగా తల ఎత్తుకొని, మెట్ల మీద ప్రత్యక్షమైనప్పుడు ఆ స్టూడియోలో లేచిన నవ్వు ఎంతకీ ఆగలేదు. ఆ నవ్వు తగ్గేవరకు ఆమె కదలకుండా నిలబడ్డారు. కిందనున్న కోర్మన్ గారు, ఆ గౌను ఎంత అందంగా ఉందో అన్నారు. దానికి ఆమె, కిటికీలో చూశాను, ఇక మనసు ఆగలేదు అన్నారు. ఆ గౌను ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం వారి దగ్గర ఉంది.

మళ్ళీ కలిసినప్పుడల్లా ఈ గౌను ప్రస్తావన రావలసిందే. వచ్చినప్పుడల్లా బర్నెట్ గారు చెప్పే మాట ఒక్కటే, ఆ ఆలోచన నాది కాదు, బాబ్ మ్యాకీది. రచయితల పేర్లూ చెబుతారు. ఇదే ఆవిడలో నేను ఎక్కువగా గౌరవించే గుణం. మిసెస్ విగ్గిన్స్ అనే మందబుద్ధి సెక్రటరీ పాత్ర కథ కూడా అలాంటిదే. మ్యాకీ గారు ఇచ్చిన నల్లటి బిగుతు స్కర్టు వెనక భాగంలో ఆమెకు వదులయింది. దీన్ని కొంచెం పట్టించండి అన్నారు ఆమె. వద్దు, మీరే నడుము వంచి ఆ వదులులోకి నెట్టి నడవండి అన్నారు ఆయన. ఆ ఒక్క మాటతో ఆ పాత్ర నడక పుట్టింది, నడకతో పాత్రంతా పుట్టింది. దర్జీ మాట విని పాత్రను నిర్మించుకొన్న నటి! ఇక్కడ రంగస్థలం మీద పనిచేసే మిత్రులు ఇద్దరు ముగ్గురు కనబడుతున్నారు, మేకప్ అబ్బాయి చెప్పిన మాట మీరు ఎన్నిసార్లు విన్నారో ఒకసారి లెక్క చూసుకోండి.

ఇక 2017 నాటి కార్యక్రమం. దాన్ని నేను తక్కువ చేయను గాని, 2001 నాటిదానితో సమానమని కూడా అనను. అదే 33వ నంబరు స్టూడియోలో జరిగింది, డిసెంబరు 3న ప్రసారమయింది. కోర్మన్ గారు అప్పటికి లేరు, 2008 మే 29న పోయారు. విక్కీ లారెన్స్, లైల్ వ్యాగనర్, బాబ్ మ్యాకీ వచ్చారు. వీళ్ళతో పాటు ఈ షో చూస్తూ పెరిగి హాస్యనటులైనవారు వచ్చారు, వాళ్ళలో జిమ్ క్యారీ ఒకరు. పదేళ్ళ వయసులో తన ప్రతిభా పాటవాలన్నీ రాసి, నన్ను తీసుకోండి అని ఈ షోకి ఉత్తరం పంపిన పిల్లవాడు ఆయన. గొప్పవారు వచ్చి గొప్పగా పొగిడారు. పొగడ్తలు విన్నకొద్దీ నాకు ఆ నలుగురూ పక్కపక్కన కూర్చున్న పాత కార్యక్రమమే గుర్తుకు వచ్చింది. కోర్మన్, కాన్వే ఒకరి పక్కన ఒకరు ఉంటే, ఒకాయన నోరు తెరవకముందే ఇంకొకాయన పెదవి కొసన నవ్వు సిద్ధంగా ఉండేది. షో ఆగిపోయిన ఇరవై ఏళ్ళకు కూడా వాళ్ళిద్దరూ కలిసి ఊరూరా రంగస్థల ప్రదర్శనలు ఇచ్చారంటే ఆ స్నేహం ఎటువంటిదో చూడండి. కాన్వే గారు 2019 మే 14న, వ్యాగనర్ గారు 2020 మార్చి 17న వెళ్ళిపోయారు. కాబట్టి ఆ నలుగురి కలయిక మనకు ఇక రికార్డింగులోనే.

ప్రతి వారం కార్యక్రమం చివర బర్నెట్ గారు వీడ్కోలు పాట పాడి, చెవి తమ్మెను ఒకసారి లాగేవారు. చిన్నప్పుడు ఒకే గది ఇంట్లో తనను పెంచిన అమ్మమ్మకు అది సంకేతం, నేను బాగున్నాను, నిన్ను తలచుకొంటున్నాను అని. అమ్మమ్మ పోయిన తరువాత కూడా ఆ అలవాటు మానలేదు. ఈ కార్యక్రమాలు చూసేటప్పుడు అది గమనించండి, దాని అర్థం తెలియక చాలామంది వదిలేస్తారు.

ఇప్పుడు మీకు ఆ దంత వైద్యుడి నాటికనే తెర మీద చూపించబోతున్నాము. నాదొక మనవి. సహజంగా మీ కళ్ళు కాన్వే గారి తిమ్మిరెక్కిన చేతి మీదే ఉంటాయి, మొదటిసారి అలాగే చూడండి. వీలుంటే రెండోసారి కూడా వేయిస్తాము. అప్పుడు మాత్రం కాన్వే గారిని పూర్తిగా వదిలేసి, కుర్చీలో పడుకొన్న కోర్మన్ గారిని చూడండి. మొదటి సూది గుచ్చుకోగానే ఆయన కళ్ళు ఎటు తిరిగాయో, చెయ్యి ముఖం మీదికి ఎప్పుడు వచ్చిందో, ఏ క్షణం దగ్గర ఆయన ఇక నా వల్ల కాదు అనుకొన్నారో, అది మీరు పట్టుకోగలిగితే నాకు వచ్చి చెప్పండి. నేను ఇన్నిసార్లు చూశాను గాని, చూసిన ప్రతిసారీ అది ఇంకొంచెం ముందే మొదలైందనిపిస్తోంది.